పందిరోళ్ళ పికప్ బండి

కొండ్రుపాలెంలో తెలివైనవాళ్ళు ఎవరని ఎవరూ అడగకపోయినా పందిరోళ్ళ ఇంట్లో నలుగురూ చెయ్యెత్తేవాళ్ళు. ఆ నలుగురూ అచ్చియ్యమ్మ, ఆవిడ కొడుకులు లోవరాజు, నూకయ్య, గోవిందు. పెళ్ళిళ్ళకి షామియానాలు కట్టడం, కుర్చీలూ వంట గుండిగలూ అద్దెకివ్వడం వాళ్ళ పని. ఊళ్ళో జనం మాటని సగం వింటారనీ, తన కొడుకులు మాత్రం చెప్పిన మాటలో ఒక్క అక్షరం కూడా జారవిడవరనీ అచ్చియ్యమ్మ వీధి అరుగు మీద కూచుని గొప్పలు పోయేది. అక్షరాలు జారవిడవని మాట నిజమే. జారిపోయేది అర్థం ఒక్కటే.

సామాను వేసుకెళ్ళే ట్రాలీ వాళ్ళ నాన్న నాటిది ఉంది. దాన్ని లాగడానికి పక్కవీధి ట్రాక్టరు వచ్చేది. ఒకరోజు ఆ ట్రాక్టరాయన, నేను కాస్త నడుం వాలుస్తాను, సామాను దించాక నాకో కేకెయ్యండి అన్నాడు. ముగ్గురు కొడుకులూ సామాను దించారు, వెళ్ళారు, నిద్రపోతున్న మనిషి చెవికి నోళ్ళు ఆనించి ఒకే ఒక్క కేక వేశారు. రెండోది వెయ్యలేదు, ఆయన అడిగింది ఒకటే కదా. పాపం ఆయనకి మూడు రోజులు ఆ చెవి వినపడలేదు. అంతే, ట్రాక్టరు రావడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఏడు మైళ్ళ అవతల ఊళ్ళో ఉండే జీడిపప్పు బట్టీ కన్నయ్య కూతురి పెళ్ళి కుదిరింది. పందిరి దగ్గర్నుంచి గరిట దాకా అన్నీ పందిరోళ్ళే తేవాలి. అంత పెద్ద పెళ్ళి వాళ్ళ చేతికి రావడం అదే మొదలు. ఇది చెడితే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ పిలవరు. ఇంకేముంది, సొంత బండి కొనాలని తీర్మానించుకుని, ముగ్గురూ తుని వెళ్ళి పాత బండ్లు అమ్మే గంగరాజు దగ్గర ఒక డీజిల్ పికప్ చూశారు.

గంగరాజు మంచివాడే. మనుషుల్ని చూసి మాట్లాడటం తెలీదు, అంతే. బండి చుట్టూ తిప్పి చూపించాడు. టైర్లు బాగున్నాయి, ట్రాలీ లాగడానికి వెనక కొక్కెం కూడా ఉంది.

"ఒకే చేతి మీద తిరిగిన బండండీ ఇది. డీజిల్ తాగదు. వాసన చూపిస్తే చాలు, పరిగెడుతుంది. మీరు చెయ్యాల్సిందల్లా రోజూ పొద్దున్నే ఆయిలూ నీళ్ళూ చూసుకోవడం," అన్నాడు.

మాటకో వేలు చొప్పున ముడిచి గోవిందు అంతా గుర్తుపెట్టుకున్నాడు. ఒకే చెయ్యి. తాగదు. వాసన. చూడటం. నాలుగు వేళ్ళూ అలాగే ముడుచుకుని ఇల్లు చేరాడు.

మర్నాటి నుంచి బండి పోషణ మొదలైంది. పొద్దున్నే అచ్చియ్యమ్మ ఒక గిన్నెలో వేరుశనగ నూనె, ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి బండి ముందు పెట్టేది. నలుగురూ గొంతుక్కూచుని కాసేపు నూనె చూసేవాళ్ళు, కాసేపు నీళ్ళు చూసేవాళ్ళు. చూడటం అయ్యాక నూనె వంటింట్లోకి, నీళ్ళు తులసి మొక్కకి పోయేవి. బండి మూత ఎత్తాలని ఒక్కరికీ తోచలేదు.

పెళ్ళి రోజు తెల్లవారగానే ట్రాలీ నింపారు. దాన్ని బండికి తగిలించాలి. నూకయ్యకి కాస్తో కూస్తో డ్రైవింగు వచ్చు. బండిని వెనక్కి పోనిచ్చి ట్రాలీకి ఠప్పున గుద్దాడు. తగిలిందా అని అడిగాడు. తగిలింది గానీ గట్టిగా తగల్లేదన్నాడు లోవరాజు. ఇంకోసారి గుద్దాడు. వెనక దీపాలు రెండూ పగిలాయి, డోరు సొట్టపోయింది, రెండు గుండిగలు కిందపడ్డాయి. నాలుగోసారికి ఖర్మ కాలి కొక్కెం దానంతటదే ట్రాలీకి తగులుకుంది. ఇప్పుడు సరిగ్గా తగిలింది అనుకున్నారు.

తల్లీ అన్నదమ్ములూ పక్కన ఇరుక్కున్నారు, నూకయ్య స్టీరింగు దగ్గర కూచున్నాడు. ఒకే చేతి మీద నడవాల్సిన బండి కాబట్టి అతని ఎడమ చేతిని గోవిందు తువ్వాలుతో నడుముకి కట్టేశాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నూకయ్య ఉన్న ఆ ఒక్క చెయ్యీ స్టీరింగు మీంచి తీసి గేరు మీద వేసేవాడు. బండి తన ఇష్టం వచ్చిన వైపు పోయేది. మొదటిసారి చెరకు తోటలోకి పోయింది. రెండోసారి ఎవరిదో గడ్డివామిలో దూరింది. దాంతో ముగ్గురూ ఆలోచించి, ఈ గేర్ల వల్లే ఇబ్బందంతా అని తేల్చి, మొదటి గేరులోనే పోదామన్నారు. ఇంజను గుక్కపెట్టి ఏడుస్తుంటే, బండి ఎంత బాగా పాడుతోందో అని అచ్చియ్యమ్మ మురిసిపోయింది.

నాలుగు మైళ్ళు పోయేసరికి బండి ముక్కులోంచి ఆవిరి పొంగింది. సైకిలు మీద పోతున్న ఒక పెద్దమనిషి ఆగి, బయల్దేరేముందు నీళ్ళు చూసుకోలేదా అని అడిగాడు.

"చూశాం బాబూ. నలుగురం చూశాం. చెంబు నిండా ఉన్నాయి," అంది అచ్చియ్యమ్మ.

ఆయన ఆవిడ వంకా, బండి వంకా చూసి, బండి చల్లారేదాకా నిలబడి, కాలవలోంచి నీళ్ళు తెచ్చి తనే పోసి వెళ్ళిపోయాడు. పాఠం చెబుదామని కాసేపు అనుకునే ఉంటాడు.

ఇంకో రెండు మైళ్ళు నడిచి బండి ఆగిపోయింది. గంగరాజు పోసి ఇచ్చిన డీజిల్ మొదటి గేరు దెబ్బకి చుక్క లేకుండా అయిపోయింది. గోవిందు కంగారు పడలేదు. ఇందుకోసమే తెచ్చిన డీజిల్ డబ్బా మూత తీసి బండి ముక్కు దగ్గర పట్టుకున్నాడు. కదల్లేదు. జలుబు చేసిందేమోనని అచ్చియ్యమ్మ అనుమానించి, కొంగుతో బండి ముక్కు తుడిచింది. అయినా కదల్లేదు. అక్కడ ముహూర్తం ముంచుకొస్తోంది. కన్నయ్య ఫోను మీద ఫోను చేస్తున్నాడు. లోవరాజు మెకానిక్ ఖాసిముకి ఫోను చేశాడు.

డీజిల్ ఉందా అని అడిగాడు ఖాసిం. అయిపోయింది గానీ ఇంకో డబ్బా నిండా ఉందన్నాడు లోవరాజు. పోసే ఉంటారని పాపం ఖాసిం అనుకున్నాడు.

"అయితే పైపులో గాలి పట్టేసి ఉంటుంది. ముందు ఆ గాలంతా తీసెయ్యండి, కదుల్తుంది," అన్నాడు.

గాలంతా తీసెయ్యాలన్న మాటని లోవరాజు అక్షరం జారకుండా తమ్ముళ్ళకి చేరవేశాడు. ఇంకేముంది, ముగ్గురూ తలో చక్రం దగ్గరా కూచున్నారు. బండి నాలుగు చక్రాల్లోనూ గాలి తీశారు. ట్రాలీ రెండు చక్రాల్లోనూ తీశారు. ఇంకా కదలకపోతే, ఎక్కడో కాస్త మిగిలిందేమో చూడండ్రా అంది అచ్చియ్యమ్మ. వెతికి వెతికి స్టెప్నీ కనిపెట్టి అందులోదీ తీసేశారు. బండి గేదెలా నేలకి ఆనుకుని కూచుంది.

కన్నయ్య మోటారు సైకిలు మీద వెతుక్కుంటూ వచ్చేసరికి నలుగురూ బండి నీడలో కూచుని, అది లేవడం కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన తల బాదుకున్నాడు. వెనక్కి వెళ్ళి, పెళ్ళికొచ్చిన చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చాడు. పట్టుబట్టల్లో ఉన్న మనుషులు గుండిగలు నెత్తిన పెట్టుకున్నారు. మేనమామలు గుంజలు మోశారు. ముహూర్తం వేళకి పందిరి లేవలేదు. నలుగురు చుట్టాలు నాలుగు కొసలూ పట్టుకున్న దుప్పటి కింద పెళ్ళి జరిగింది. తాళి కట్టేటప్పుడు ఒక కొస పట్టుకున్నాయనకి తుమ్మొచ్చి దుప్పటి పురోహితుడి మీద పడింది. పెళ్ళికూతురు ఏడవాలో నవ్వాలో తెలీక తల దించుకుంది.

సాయంత్రానికి పందిరి లేచింది. అప్పుడు కన్నయ్య నలుగురినీ పక్కకి పిలిచాడు. మనిషి అరవలేదు.

"నా కూతురి పెళ్ళి నవ్వులపాలు చేశారు. ఇక జన్మలో నాకు మీ మొహాలు చూపించకండి. రేపు మధ్యాహ్నం వచ్చి మీ సామాను పట్టుకుపోండి," అన్నాడు.

ఇంకొకళ్ళయితే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. వీళ్ళు ఆలోచనలో పడ్డారు. ఖాసిం వచ్చి గాలి కొట్టి, డీజిల్ పోసి, బండి కదిలించి ఇచ్చి వెళ్ళేదాకా ఆలోచిస్తూనే ఉన్నారు. రమ్మన్నాడు, మొహం చూపించొద్దన్నాడు. రెండూ ఎలా కుదురుతాయి. చివరికి లోవరాజుకే తోచింది. వెనక్కి తిరిగి వెళ్తే సరి.

అంతే, మర్నాడు మధ్యాహ్నం కన్నయ్య వీధి మొదట్లో బండి తిప్పి నిలబెట్టి, సామాను ఎక్కించడానికి వీలుగా ట్రాలీ వెనక తలుపు దించి, రివర్సులో బయల్దేరారు. వెనక్కి చూస్తే మొహం కనపడిపోతుందని నూకయ్య ముందుకే చూస్తూ బండిని వెనక్కి పోనిచ్చాడు. అచ్చియ్యమ్మ మొహం నిండా కొంగు ముసుగేసుకుంది. ట్రాలీ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వంకర్లు తిరుగుతూ పందిట్లోకి దూరింది. అక్కడ ఆఖరి బంతి భోజనాలు జరుగుతున్నాయి. చివరి కుర్చీలో పెళ్ళికొడుకు పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ట్రాలీ అంచు కుర్చీ కాళ్ళకి తగిలింది. పెళ్ళికొడుకు కుర్చీతో సహా వెల్లకిలా ట్రాలీలో పడ్డాడు. ఆ వెంటనే నడిమి గుంజ విరిగింది. షామియానా మొత్తం జనం మీద కూలి, సగం ట్రాలీలోకి జారి అతన్ని చుట్టేసింది.

ఎవరైనా మనల్ని చూశారా అని లోవరాజు అడిగాడు. అచ్చియ్యమ్మ ముసుగు సందులోంచి అద్దంలో చూసింది. గుడ్డ కింద జనం కదులుతున్నారు తప్ప ఒక్క తలకాయ బయట లేదు.

"ఒక్కడూ చూళ్ళేదురా. గుడ్డ కూడా దానంతటదే ఎక్కేసింది, బండి పోనీ," అంది.

నూకయ్య మొదటి గేరు వేశాడు. ట్రాలీలో షామియానా కాళ్ళు తన్నుకుంటోంది. వెనక కన్నయ్య, ఆయన కూతురు, పప్పూ పులుసూ కారుతున్న చుట్టాలూ, ఆపండి, అల్లుడుగారు, అల్లుడుగారు అని అరుస్తూ పరిగెత్తుకొస్తున్నారు. ఎవరూ వెనక్కి తిరక్కండని లోవరాజు తమ్ముళ్ళని హెచ్చరించాడు. తిరిగితే మొహం కనపడుతుంది.

ఒక్కరూ తిరగలేదు.