వానలు వెలిసేదాకా

వాగు ఒడ్డున పాడుబడ్డ గొర్రెల దొడ్డిలో ముసలి ఎద్దు పోలన్న ఉండేది. తల్లి పోయిన పిల్లలు, మంద వదిలేసి పోయిన కూనలు ఏవి కనబడినా అక్కడికి చేర్చి, పెంచుకునేవాళ్లు వచ్చేదాకా కాపలా కాసేది. దాని నియమం ఒక్కటే. తీసుకెళ్తే కడదాకా పెంచుకోవాలి. కొన్నాళ్లు ఉంచుకుంటామనేవాళ్లు అటు రావక్కర్లేదు. ఎద్దుకు ఓపిక ఎక్కువ, అనుమానం తక్కువ. ఆ రెండోది మంచి గుణమని దాని నమ్మకం.

ఆ ఏడు ముసురు పట్టి వాగు పొంగింది. పొద్దుగూకే లోపు దొడ్డిలోకి నీళ్లొస్తాయని తెలిసిపోయింది. మిగతా పిల్లలన్నీ ఎవరో ఒకరి పంచన చేరాయి గానీ కుంటి మేకపిల్లను ఎవరూ అడగలేదు. అది ఈదలేదు, ముసలి ఎద్దు దాన్ని మోయలేదు.

అప్పుడు గాడిద నీలవ్వ వచ్చింది. గొర్రెల కాపరుల సామాను మోసే గాడిద అది. వానాకాలం ఊళ్లో ఉండి, ఆపైన మందతో కొండల అవతలికి పోతుంది.

"వానలు వెలిసేదాకా నా దగ్గర ఉంచుకుంటాను, అన్నా. తర్వాత తెచ్చి నీకే అప్పగిస్తాను" అంది.

అలవాటు చేసి వదిలేస్తే పిల్ల మనసు ఏమవుతుందని ఎద్దు కసిరింది. ఈలోగా నక్క వచ్చింది. కుంటిదైతేనేం, కన్నబిడ్డలా చూసుకుంటానంది. ఇంక జన్మలో వెనక్కి తేనని ప్రమాణం కూడా చేసింది. ఎద్దు కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయినేడు బాతుపిల్లను పెంచుకుంటానని తీసుకెళ్లింది కూడా ఈ పుణ్యాత్మురాలే.

నీళ్లు గిట్టలు తాకాయి. మేకపిల్ల గోడకు నక్కి వణుకుతోంది. ఎద్దు దాన్ని ముట్టెతో నక్క వైపు తోసింది.

గాడిద అడ్డం నిలబడింది.

"నక్కా, ఆ బాతుపిల్ల బాగుందా?"

"బంగారంలా ఉంది. మా మడుగులో ఈదుతోంది."

"నిజమే, పొద్దున కనబడింది. పోలన్నతో నీ సంగతి చెప్పాలట. అదిగో, వాగులో ఈదుకుంటూ వస్తోంది చూడు."

నక్క ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "అదెలా వస్తుంది? ఈకలు కూడా మిగల్చలేదే..."

వాగులో బాతు లేదు. నక్క నోరు మూసుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఎద్దు కొమ్ములు వంచింది. అంత కోపం దానికి ఉందని ఎవరికీ తెలియదు. నక్క వరదలో పడుతూ లేస్తూ పారిపోయింది. మేకపిల్ల గాడిద వీపెక్కింది. ఎద్దు వాళ్ల వెనకే మెరకకు నడిచింది. దారి పొడుగునా బాతుపిల్లను తలుచుకుని ఏడ్చింది.

వానలు వెలిశాయి. గాడిద అన్నమాట ప్రకారం మేకపిల్లను తీసుకొచ్చింది. అది ఒళ్లు చేసింది, కుంటుతూనే గెంతుతోంది. దాన్ని చూసి ముచ్చటపడి పక్క చేలోని ముసలి మేక తనతోనే ఉండిపొమ్మంది. ఎద్దు ఒప్పుకుంది గానీ వారం వారం తెచ్చి చూపించమంది. తను పంపిన బిడ్డను మళ్లీ కళ్లారా చూడటం దానికి అదే మొదటిసారి.

నీతి: కడదాకా ఉంచుకుంటానన్న మాట కన్నా, తెచ్చి చూపిస్తానన్న మాటను నమ్మాలి.