దీపం వెలగని పూచికమ్మ గుట్ట

పూచికమ్మ గుట్ట ఎక్కే భక్తులు కర్పూరం, అగరుబత్తీలు కిందనే ఉంచి రావలెను. ఈ గుడిలో దీపం పెట్టరు. హారతి వేళకు పూజారమ్మ ఖాళీ అరచెయ్యి చాపుతుంది, దాన్నే కళ్లకద్దుకోవాలి. నిప్పు లేని హారతి ఏం హారతని మూతి విరిచేవాళ్లు ఏటా ఉంటారు. ఈ కథ వాళ్ల కోసమే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మోకాలెత్తు గడ్డి ఉండేది. రెండేళ్లు వానలు మొహం చాటేస్తే అదీ ఎండిపోయింది. గొర్రెల కాపరి ఈరమ్మ మందలో ముప్పై గొర్రెలు డొక్కలెండి నిలబడ్డాయి. గడ్డి కాలిస్తే నాలుగు చినుకులకే లేతచిగురు వస్తుందని కాపరుల నమ్మకం. చుట్టుపక్కల గుట్టలన్నీ అప్పటికే కాల్చేశారు.

"పొద్దున్నే మన గుట్టకూ నిప్పు పెట్టు కోడలా," అన్నాడు మామ సిద్ధన్న.

తెల్లవారుజామున ఈరమ్మకు కల వచ్చింది. ఎండుగడ్డి రంగు చీర కట్టిన సన్నటి ముసలమ్మ గడ్డి కొనల మీదుగా నడిచి వచ్చి, "నా పిల్లలు గడ్డి మొదళ్లలో పట్టుగుడ్డ చుట్టుకుని పడుకున్నారు. కొరివి తేకు తల్లీ," అంది. కలలతో గొర్రెల కడుపు నిండదు కదా! ఈరమ్మ కొరివి పట్టుకునే గుట్టెక్కింది.

అంటించడానికి ఒక పూచికను తుంపబోతే, అది రెక్కలు విప్పి ఎగిరిపోయింది. ఆమె అడుగు పెట్టిన చోటల్లా పూచికలు తెల్లగా, చప్పుడు లేకుండా లేచాయి. నాలుగడుగుల అవతల గడ్డిపోచల మీద వాలి, రెక్కలు ఒంటికి చుట్టుకుని మళ్లీ పూచికలైపోయాయి. పూచికల్లా కనిపించే రెక్కల పురుగులవి. ఈరమ్మ కూర్చుని ఒక దుబ్బు విడదీసింది. మొదట్లో సన్నని పట్టుగొట్టం, అందులో ముడుచుకున్న వాటి పిల్లపురుగు. కల నిజమని ఆమెకు తెలిసింది. అంతలో గాలి తిరిగి కొరివి రవ్వలు దుబ్బు మీద రాలాయి. నీళ్లెక్కడివి పాపం, కుడి అరచేత్తోనే అదిమి ఆర్పింది.

సిద్ధన్న మండిపడ్డాడు. "పురుగుల కోసం మందను చంపుకుంటావా?"

"మొదళ్లు వదిలి పైపైన కోసి మేపుతాను మామా. ఇంకో చెయ్యి ఉందిగా."

ఎడమచేత్తో కొడవలి పట్టి, జానెడు మొదలు వదిలి, వానలు పడేదాకా కోసింది. అయినా పదకొండు గొర్రెలు పోయాయి. ఒక్కోదాని దగ్గరా కూర్చుని ఏడ్చింది. చివరికి వాన కుండపోతగా వచ్చి, కాల్చిన గుట్టల మన్నంతా వాగులో కలిసిపోయింది. మొదళ్లున్న ఈ గుట్ట వారంలో పచ్చబడింది. ఆ ఏడు నాలుగూళ్ల మందలు ఇక్కడే మేశాయి. సిద్ధన్నే ముందు నిలబడి, కలలో కనిపించిన అమ్మకు పూచికమ్మ పేరుతో గుడి కట్టించాడు.

నేటికీ ఇక్కడ గడ్డి జానెడు వదిలే కోస్తారు. సాయంత్రం మెల్లగా నడవండి. పూచిక భుజాన వాలితే దులపకండి. అమ్మ వాలిన ఇంట పసిబిడ్డలు చల్లగా నిద్రపోతారని తల్లులు చెబుతారు. పూజారమ్మ ఈరమ్మ ఇంటి కోడలే. ఆమె చాపేది కుడి అరచెయ్యి, ఈరమ్మకు కాలింది అదే.