పెట్టెలో బరువు ఎటువైపు

ఆ మధ్యాహ్నం జోగారావు చెప్పులు విడవకుండానే దుకాణంలోకి వచ్చేశాడట. మా మామ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా అక్కడి నుంచే మొదలుపెట్టేది. అంత ఆచారంగల ఇంట్లోకి ఆ మనిషి అలా రావడం అదొక్కసారేనట.

“పగలగొట్టేశారు గురువుగారూ! డాక్టరుగారి సెట్టు పగలగొట్టేసి, పైగా నన్నే బుకాయిస్తున్నారు!”

మా తాతగారు పరాంకుశం గారు విజయనగరంలో పాత రేడియోలు, గ్రామఫోన్లు, వాల్వు యాంప్లిఫయర్లు బాగుచేసేవారు. ఇంటి ముందు గదే దుకాణం. నుదుట తిరునామం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, పెదవుల మీద పాశురం. బల్ల ముందు కూర్చున్నారంటే పిలిచినా పలికేవారు కారు. సొంత కొడుకులెవరికీ ఆ పని పట్టలేదు. జోగారావు ఒక్కడే పట్టుదలగా దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు.

ఆ డాక్టరుగారిది బరంపురం. వాళ్ళ నాన్నగారి కాలం నాటి వాల్వు యాంప్లిఫయరు మూలన పడి ఉంటే, బాగుచేయమని పంపారు. గాజు బుడ్డుల్లాంటి వాల్వులు ఒక పక్క, వాటికి కరెంటు అందించే ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకో పక్క. అలాంటివి తయారు చేయడం ఎప్పుడో మానేశారు. ఒక్కో వాల్వు కోసం తాతగారు ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి తెప్పించారు. అది మళ్ళీ పాడిన రోజున జోగారావు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడట.

దాన్ని తిరిగి పంపడానికి పెట్టె కూడా జోగారావే చేశాడు. మామిడి చెక్క పెట్టె. లోపల అన్ని వైపులా కొబ్బరి పీచు కూరాడు. మూతకి ఒక వైపు బందులు వేశాడు. ‘గాజు, జాగ్రత్త’ అని తెలుగులోను, ఒరియాలోను, ఇంగ్లీషులోను రంగుతో రాశాడు. ‘ఈ వైపు పైకి’ అని బాణం గుర్తు వేశాడు. బందులు తప్పిస్తే ఏ పక్క నుంచి చూసినా ఒకేలా, పెళ్ళివారి పెట్టెలా ఉందని మామ్మ కూడా మెచ్చుకుంది.

అంత చక్కటి పెట్టె బరంపురంలో విప్పేసరికి, ఇనుము ఊడి గాజు మీద పడి ఉంది. డాక్టరుగారు ఒక్క మాట కూడా తూలలేదు. అలాగే పెట్టెలో పెట్టించి వెనక్కి పంపారు. ఆ ఊరుకోవడమే జోగారావుకి ఎక్కువ కోపం తెప్పించింది.

“ఎక్కడ పడిందిట?” అన్నారు తాతగారు, చేతిలో పని ఆపకుండానే.

“ఇక్కడే, మన ఊళ్ళోనే! ట్రాన్స్‌పోర్టు గోడౌనులో లారీ ఎక్కిస్తూ ఎర్రయ్య అనే కళాసీ పడేశాడట. అడగ్గానే వాడే ఒప్పుకున్నాడు. ‘జారిపోయింది బాబూ, ఒక్కడినే ఉన్నాను’ అంటాడు. ఒక్కడే ఉంటే? ఒక్కడికి చేతులుండవా? మూడు భాషల్లో రాశాను గురువుగారూ. చదువురాకపోతే బాణమయినా కనపడదా? పైగా కాలికి గుడ్డ చుట్టుకుని నా ముందు కుంటుతున్నాడు. నటన!”

“ఏ కాలు?”

జోగారావు తడబడ్డాడు. “ఏదో ఒకటి. నేను చూడలేదు.”

తాతగారు మళ్ళీ పనిలోకి వంగారు.

“మేనేజరు చెప్పాడు గురువుగారూ. ప్యాకింగు లోపం అని వాళ్ళ పైవాళ్ళు రాసుకుంటే మనకి చిల్లిగవ్వ రాదట. అదే కళాసీ తాగి పడేశాడని నేను ఫిర్యాదు రాసి, సెట్టు బాగుచేసిన మనిషిగా మీరూ సంతకం పెడితే క్లెయిము వెంటనే పాసవుతుందట. ఎర్రయ్యని పనిలోంచి తీసేస్తారు. నష్టం వాడికి రావలసిన కూలీలోంచి పట్టుకుంటారు.”

“తాగాడా?”

“మేనేజరు అలా రాయమన్నాడు.”

“నిన్నడుగుతున్నాను. వాసన వచ్చిందా?”

“నాకైతే వాసన రాలేదండీ. కానీ తాగకుండా అలా పడేస్తాడా ఎవడైనా?”

తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సరే. ఫిర్యాదు శుభ్రంగా రాసుకుని సాయంత్రం పట్టుకురా. నువ్వు తెచ్చిన ఆ పెట్టె ఇక్కడే ఉండనీ.”

జోగారావు అదే వేడిలో వెళ్ళిపోయాడు.

ఆ కంపెనీ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సరుకు తీసుకునేటప్పుడు ‘మీ బరువు మా బాధ్యత’ అని గోడంత బోర్డు. పగిలాక, రసీదు వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చూపించి, మాకేం సంబంధం అనడం. జట్టులో ఉన్న కళాసీలని ఒక్కొక్కరినీ తగ్గించుకుంటూ వచ్చి, మిగిలిన ఒక్కడి చేత అందరి పనీ చేయించడం. నిజం ఒప్పుకున్న పాపానికి ఆ ఒక్కడినీ తాగుబోతుని చేయడం. దానికి మంచివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకోవడం! దేవుడి ముందు దీపం పెట్టే చేత్తో నేనెవరినీ శపించను. కానీ ఆ మేనేజరుని క్షమించానని మాత్రం అనలేను.

ఇక్కడ మా తాతగారి దుకాణంలో ఒక అలవాటు గురించి చెప్పాలి. వాల్వు సెట్టు ఎప్పుడూ ఒక పక్కకే బరువు. ఇనుమున్న పక్కని పొట్టకి ఆనించుకుని ఎత్తాలి. లేకపోతే ముందుకి తూలిపోతుంది. జోగారావుకి మొదట నేర్పిన పాఠం అదే. అందుకే పెట్టెలో సర్దినప్పుడు కూడా మూత బందులున్న వైపు ఇనుము వచ్చేలా పెట్టేవాడు. బందులు కనపడగానే గురుశిష్యులిద్దరూ చూసుకోకుండానే ఆ వైపు పొట్టకి ఆనించుకునేవారు. అది వాళ్ళకి ఎంత అలవాటంటే, ఇంకెవరికైనా చెప్పాలన్న సంగతే మరిచిపోయారు.

జోగారావు వెళ్ళాక తాతగారు పెట్టె విప్పి, డాక్టరుగారి సెట్టుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. తరవాత లోపలి గదిలోకి వెళ్ళి, మా ఇంటి సెట్టు తెచ్చారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వీధి వీధంతా తిరుప్పావై వినేది దాంట్లోంచే. ఆయన మొట్టమొదట సొంతంగా కూర్చిన యాంప్లిఫయరు అది.

మామ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. “మన సెట్టు ఆ పెట్టెలో పెడుతున్నారేమిటండీ?”

“పంపించాలి.”

“ఎక్కడికి?”

“ఈ గుమ్మం దాకా.”

“ఈ వయసులో మీకిదేం ఆట?” అంది మామ్మ. ఆయన నవ్వలేదు. సెట్టుని అటుదిటు తిప్పి పెట్టారు. పీచు కూరారు. మూత బిగించి, పెట్టెని వీధి అరుగు మీదికి చేర్చారు.

సాయంత్రం జోగారావు కాగితం పట్టుకుని వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. కోపం మాత్రం ఉతకలేదు.

“రాశాను గురువుగారూ. చదవమంటారా? ‘ఎర్రయ్య అను కళాసీ మద్యం సేవించి, బాధ్యత లేకుండా...’”

“సంతకం చేస్తాన్లే. ముందు ఆ పెట్టె లోపల పెట్టు. మంచు పడుతుంది.”

జోగారావు కాగితం జేబులో పెట్టుకుని అరుగు మీదికి వెళ్ళాడు. బందులున్న వైపు పొట్టకి ఆనించుకుని, తను చేసిన పెట్టేనన్న ధీమాతో ఒక్క ఊపున ఎత్తాడు. గుమ్మం దాకా వచ్చాడు.

పెట్టె ముందుకి లాగేసింది. పట్టుకోబోతే వేళ్ళు జారాయి. మూల వెళ్ళి గడపకి కొట్టుకుంది. లోపల గాజు చిట్లిన చప్పుడు వంటింట్లో ఉన్న మామ్మకి కూడా వినపడింది.



తాతగారు బల్ల దగ్గర కూర్చున్నచోటి నుంచే అడిగారు. “ఒరే జోగా, తాగి వచ్చావా?”

జోగారావు చతికిలబడి మూత విప్పాడు. పీచులోంచి బయటపడినది ఏ సెట్టో చూశాడు. దాని మీద ఉన్న ఆండాళ్ బొమ్మ చూశాడు. ఇంటి ఆడపిల్లని తోసేసినట్టు వెనక్కి జరిగాడు.

“ఇది... ఇది ధనుర్మాసం సెట్టు కదండీ...”

మామ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు సెట్టుని చూసింది, తరవాత మొగుణ్ణి చూసింది. “మీకు మతి పోయిందా? వాడికి బుద్ధి చెప్పాలంటే నాలుగు ఇటుకలు పెట్టి ఉండకూడదూ?”

“ఇటుకలు పడితే ఎవరికీ ఏమీ అనిపించదే,” అన్నారు తాతగారు. ఆయన కూడా వచ్చి ఆ గాజు పెంకులు ఒక్కొక్కటే ఏరారని మామ్మ చెప్పేది.

జోగారావు చాలాసేపు ఆ గడప దగ్గరే కూర్చున్నాడు. పెట్టెని ఒక వైపు నుంచి చూశాడు. ఇంకో వైపు తిప్పి చూశాడు. బందులు తప్పిస్తే నాలుగు వైపులా ఒకేలా, చక్కగా ఉంది. మూడు భాషల్లో అక్షరాలు మెరుస్తున్నాయి. బరువు ఎటుందో చెప్పే గీత ఒక్కటీ లేదు.

జేబులోంచి కాగితం తీసి, అడ్డంగా చింపాడు. ఆ ముక్కలు పొయ్యిలో వేయమని మామ్మకిచ్చాడు.

“సంతకం అక్కర్లేదా?” అన్నారు తాతగారు.

“వద్దండీ.” లేచి నిలబడ్డాడు. ఉన్నట్టుండి గొంతు పెరిగింది. “అలాగని వాళ్ళని వదిలేద్దామా? ఇంత బరువు ఒక్క మనిషి చేత ఎత్తించినవాళ్ళు పెద్దమనుషులా? పగలగొట్టించిందీ వాళ్ళే, వాడి కూలీ కోసేదీ వాళ్ళే, మన చేత అబద్ధం రాయించేదీ వాళ్ళేనా!”

తాతగారు లేచి కండువా వేసుకున్నారు. “పద.”

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని పెట్టెని రిక్షాలో పెట్టారు.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మేనేజరు మర్యాదగానే లేచి నిలబడ్డాడు. “రండి పరాంకుశం గారూ. సంతకాలు పెట్టి తెచ్చారా? మీలాంటి పెద్దల మాటకి విలువుంటుంది.” ఒక మూల ఎర్రయ్య బస్తా మీద కూర్చుని ఉన్నాడు. గుడ్డ చుట్టింది ఎడమ కాలికి. రక్తం నల్లగా ఎండిపోయి ఉంది. జోగారావు ఈసారి చూశాడు.

పెట్టె తీసుకెళ్ళి మేనేజరు బల్ల ముందు దింపాడు. “ఇది ఒకసారి ఎత్తండి సార్.”

మేనేజరు నవ్వాడు. “నేనెత్తడమేమిటయ్యా? ఎర్రయ్యా! ఇలా రా.”

ఎర్రయ్య కుంటుకుంటూ లేవబోయాడు.

“ఎర్రయ్య వద్దండీ,” అన్నాడు జోగారావు. “అతను ఒకసారి ఎత్తాడు. నేనూ ఒకసారి ఎత్తాను. ఇక మిగిలింది మీరే. బరువు ఎటుందో మాత్రం చెప్పను. అతనికి చెప్పలేదు కాబట్టి.”

సరుకు కోసం వచ్చినవాళ్ళు నలుగురూ మూగారు. ఎవరో “ఎత్తండి బాబూ, చూద్దాం” అన్నారు. మేనేజరు పెట్టె వైపు చూశాడు, తన ఇస్త్రీ చొక్కా వైపు చూసుకున్నాడు. చేతులు బల్ల కిందికి పోయాయి.

జోగారావు అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని, నిలబడే రాశాడు. ఇద్దరు మోయవలసిన పెట్టెని కంపెనీ ఒక్క మనిషి చేత ఎత్తించింది, కాబట్టి నష్టానికి కంపెనీదే బాధ్యత అని రాశాడు. బరువు ఎటుందో పెట్టె మీద రాయకపోవడం తన పొరపాటని కూడా రాశాడు. ఎర్రయ్య పేరు ఎక్కడా లేదు.

“మీ తప్పు మీరే రాసుకుంటే క్లెయిము పోతుందయ్యా,” అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

“పోతే పోనీండి. కాగితం అందినట్టు ముద్ర వేయండి. మీ కళాసీ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదని కూడా దాని మీద రాయండి.”

“అలా రాసే పద్ధతి లేదు.”

తాతగారు అప్పటిదాకా నిలబడే ఉన్నారు. వెళ్ళి గోడ పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. కండువా సర్దుకుని, కళ్ళు మూసుకుని, సన్నగా పాశురం అందుకున్నారు. ఒకటయింది. రెండోది మొదలుపెట్టారు. ఆఫీసు మూసే వేళయినా లేవలేదు. వచ్చినవాళ్ళెవరూ కదలలేదు. ఎర్రయ్య గోడకి చేరగిలబడి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

చివరికి ముద్ర పడింది. అడిగిన ముక్కా రాసిచ్చాడు మేనేజరు.

క్లెయిము చాలాకాలానికి, అదీ అరకొరగా వచ్చింది. పగిలిన రెండు సెట్లలోంచీ పనికొచ్చినవన్నీ ఏరి, తాతగారూ జోగారావూ కలిసి ఒక్క సెట్టు నిలబెట్టారు. అది బరంపురం వెళ్ళిపోయింది. ఆ ధనుర్మాసం మా వీధిలో తిరుప్పావై మామ్మే గొంతెత్తి పాడింది. ఎర్రయ్య ఆ గోడౌనులోనే, మళ్ళీ పెట్టుకున్న ఇంకో కళాసీతో కలిసి పనిచేశాడు.

కానీ ఇదంతా తరవాత. ఆ సాయంత్రం ఆఫీసు మెట్లు దిగుతుంటే జోగారావు పిడికిళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. తప్పు చేసినవాడిలా తల వంచుకుని అన్నాడట.

“క్షమించండి గురువుగారూ. నాకు కోపం ఇంకా తగ్గలేదు.”

“తగ్గించుకోమని ఎవరన్నారు?” అన్నారు తాతగారు. “దానికి చిరునామా సరిగ్గా రాసుకో, చాలు.”