ఇరుసుకు కట్టిన చీర

రథాల పందేలంటే పడిచచ్చే ఒక రాజ్యంలో, పోయినేడు మలుపు దగ్గర రథం బోల్తాపడి సారథి వీరన్న చచ్చిపోయాడు. "తాగి తోలాడు" అని రథం యజమాని దళవాయి ఊరంతా చాటాడు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా! ఈ ఏడు అదే రథానికి రంగులేసి, రాజుగారి ఎదుటే వీరన్న తమ్ముడికి అంటగట్టబోయాడు. అన్న పోగొట్టిన పరువు తెస్తానని ఆ పిచ్చివాడు రథానికి బదులు చేను రాసివ్వడానికి సిద్ధపడ్డాడు.

వీరన్న పెళ్లాం సింగమ్మ రథం చుట్టూ తిరిగి చూసింది.

"ఇరుసుకు చీర కట్టారేం దొరా, సిగ్గుపడుతోందా?"

"అలంకారమే! బండి రాయిలా గట్టిగా ఉంది."

సింగమ్మ రాజువైపు తిరిగింది. "మహారాజా, ఇంత గట్టి రథం మాకెందుకు? రేపటి పందెంలో యువరాజుగారినే ఎక్కించండి."

"బాగుంది, అలాగే" అన్నాడు రాజు.

దళవాయి రాజు కాళ్లమీద పడ్డాడు. "వద్దు ప్రభూ! అది అతుకుల ఇరుసు. మలుపులో మళ్లీ విడిపోతుంది!"

"మళ్లీనా?" అంది సింగమ్మ.

రాజు కత్తిమీద చెయ్యి వేశాడు. దళవాయి నేలచూపులు చూస్తూ గొణిగాడు. "పోయినేడూ అదే విడిపోయింది. వీరన్న తాగలేదు."

"కాస్త గట్టిగా చెప్పండి దొరా" అంది సింగమ్మ. "వెనకాల మా అత్త నిలబడి ఉంది. ఆవిడకు చెవుడు."