చీలిన అంచు

హైమావతికి దొరికిన పన్ను ఏ పుస్తకంలోనూ లేదు.

ప్రాణహిత ఒడ్డున ఎర్రమట్టి దిబ్బల్లో, వాన వెలిసిన మర్నాడు, వాగు కోసిన గట్టులో కనిపించిందది. చిటికెన వేలంత ఉంటుంది. నల్లగా, నునుపుగా, కొద్దిగా వంగి ఉంది. కోట్ల ఏళ్ల కిందటి మాంసం తినే సరీసృపానిది. అలాంటి పళ్లు ఆ దిబ్బల్లో ఇంతకుముందూ ముప్పై దాకా దొరికాయి. వాటన్నిటికీ ముందొకటి, వెనకొకటి రంపపు అంచులుంటాయి. దీనికి మాత్రం ముందు అంచు సగం దూరం తిన్నగా దిగి, అక్కడ రెండుగా చీలిపోయింది.

ఎనిమిది రోజులు వెతికింది. తెలిసిన జంతువులన్నిటి పళ్లతో పోల్చింది. తొమ్మిదో రోజున ఇది కొత్త జంతువేనని తీర్మానించుకుని వ్యాసం రాయడానికి కూర్చుంది. పరిశోధన మొదలుపెట్టి నాలుగేళ్లయినా ఆమె పేరు మీద చెప్పుకోదగ్గదేదీ రాలేదు. పైగా గురువు ముకుందం సార్ వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆ జంతువుకి ఆయన పేరు పెట్టాలనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దిబ్బల దగ్గర అద్దెకు తీసుకున్న పెంకుటింట్లో వాళ్ల మకాం. ఆమె వ్యాసం, పన్ను పట్టుకుని వెళ్లేసరికి ముకుందం సార్ వసారాలో కూర్చుని మట్టి జల్లిస్తున్నారు. పదకొండు పేజీల వ్యాసం పక్కన పెట్టి, పన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఇలాంటివి ఎన్ని దొరికాయని అడిగారు. ఒక్కటేనంది. ఆ చీలిక తప్ప మిగతా పన్నంతా ఎట్లా ఉందని అడిగారు. మిగతాదంతా పాతవాటిలాగే ఉందని ఒప్పుకుంది.

ఆ ఒప్పుకోవడం ఆమెకే నచ్చలేదు. అక్కణ్నుంచి అరగంట సేపు వాదించింది. ఎముక మీద గీతైనా పన్ను మీద గాటైనా ఊరికే రాదని ఆయనే నేర్పారని గుర్తు చేసింది. ఇన్ని పుస్తకాల్లో లేనిది కొత్తది కాక మరేమిటని అడిగింది.

"కారణం లేకుండ చీలదు," అన్నారు ముకుందం సార్. "అది నిజమే బిడ్డా."

లేచి చెంబు నీళ్లతో చేతులు కడుక్కున్నారు. లోపలికి నడిచి సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. అద్దం కింద పన్ను పెట్టి, దాని పక్కనే తన ఎడమ బొటనవేలు ఆనించారు.

"ఇప్పుడు చూడు."

హైమావతి వంగి చూసింది. పన్ను పక్కన గోరు కొమ్ములా మందంగా కనిపించింది. గోరు మొదలు దగ్గర చిన్న మచ్చ. అక్కణ్నుంచి బయల్దేరిన గీత సగం దూరం వచ్చి రెండుగా చీలి, గోరు కొస దాకా సాగింది.

అద్దం మీంచి కళ్లు తీయకుండానే, ఎప్పట్నుంచి ఇట్లా ఉందని అడిగింది.

"నాలుగేండ్లు. కత్తిరించినా మళ్లా అట్లనే వస్తది. దెబ్బ గోరుకు కాదు, గోరు పుట్టే కాడ తగిలింది."

ఆ జంతువులకు పన్ను ఊడితే ఆ చోటే ఇంకోటి మొలుస్తుందని ఆమెకు తెలుసు. ఆ చోటే గాయపడితే? తర్వాత వచ్చే ప్రతి పన్నూ ఇట్లాగే వస్తుంది. అది కొత్త జంతువు కాదు. ఎప్పుడో దవడకు దెబ్బ తగిలిన పాత జంతువే.

అంతలో ఇంకోటి స్ఫురించి ఆమె తల ఎత్తింది.

నాలుగేళ్ల కిందట ఇక్కడికి వచ్చిన మొదటి వారం. రాతిలో ఇరుక్కున్న ఎముక. సార్ ఉలి పట్టుకున్నారు, తను సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ గురి తప్పింది. ఆయన ఆ చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో ఉలి పట్టుకుని, ఏం కాలేదు, కొట్టమన్నారు. తర్వాత నెల రోజులు వేలికి గుడ్డపీలిక కట్టుకుని తిరిగారు. అడిగితే ముల్లు గుచ్చుకుందన్నారు. తను నమ్మింది.

"సార్... ఇది నా సుత్తి దెబ్బేనా?"

ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు.

"రెండో దెబ్బ మంచిగ కొట్టినవ్," అన్నారు.

హైమావతికి కళ్లు మసకబారాయి. పేరు సంగతి ఇక దాచాలనిపించలేదు. జంతువుకి మీ పేరు పెడదామనుకున్నానని మెల్లగా చెప్పింది. ముకుందం సార్ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. పన్నును ఆమె అరచేతిలో పెట్టి, ఆ వేళ్లు ఆయనే మూశారు.

"దెబ్బ తిన్నంక తిండి తిన్నదా, లేదా? అది చూసినవా?"

చూడలేదు. ఈ పదిరోజుల్లో ఆ ప్రశ్నే ఆమెకు తట్టలేదు. పన్నును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పింది. చీలిన రెండు అంచుల మీదా, కొసన ఉండే సన్నటి రంపపు మొనలు అరిగి నున్నబడి ఉన్నాయి.

"తిన్నది సార్," అంది. "చాన్నాళ్లు తిన్నది."

"అయితే వ్యాసంల అదే రాయి బిడ్డా."