గోరింక గీసిన కోతి తెర

నల్లేరుకొండ అడవిలో కుందేళ్లు, ఎలుగులు, ముంగిసలు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. వాటన్నిటికీ కలిపి ఒక కంప్యూటర్ ఉండేది. పట్నం కోతులు అమ్మే కంప్యూటర్లకు లోపల తాళం ఉంటుంది. దీనికి లేదు. అడవివాళ్లే కలిసి చేసుకున్నారు. ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు. దాని పేరెత్తితే చాలు, చిట్టి ముంగిస కూడా ఛాతీ విరుచుకునేది.

ఇక తెర మీద బొమ్మలు గీయడమే మిగిలింది.

"కోతుల తెరలాగే గీస్తా. చుక్క కూడా తేడా రాదు," అంది గోరింక సింగారి. ఎవరినైనా అచ్చం అనుకరించగలనని దానికి మహా గర్వం. "అందరికీ అలవాటైందే సుఖం!"

గిజిగాడు పీచయ్య తల గోక్కున్నాడు. "అలవాటైనవి అలవాటైన చోటే ఉంచు, అక్కా. కానీ కోతి వేళ్లు సన్నం. మన ఎలుగుబంటి గుబురు మామ చెయ్యి ఎప్పుడైనా చూశావా?"

"నువ్వెళ్లి గడ్డి అల్లుకో, నాయనా!"

సింగారి అన్నట్టే గీసింది. వాగు పొంగితే నొక్కాల్సిన సైరన్ బటన్ కందిగింజంత వచ్చింది. 'అరటిపళ్లు కొంటారా?' అనే కోతుల ప్రకటన కూడా వచ్చేసింది. అడవిలో అరటిపళ్లు అమ్మేదెవరు? ఆఖరికి కోతుల తెర మీది పగులును కూడా సింగారి ఎంతో శ్రద్ధగా గీసింది.

ఒక మధ్యాహ్నం కుండపోత వాన. వాగు పొంగింది. ఒడ్డున బొరియల్లో కుందేలు పిల్లలు నిద్రపోతున్నాయి. అక్కడే గట్టు తొర్రలో సింగారి కొత్త గూడు. ఆ రోజు కొండ మీద కంప్యూటర్ దగ్గర కావలి గుబురు మామది. మామ గబగబా సైరన్ నొక్కాడు. అరచెయ్యి పక్క బటన్ల మీద కూడా పడింది.

"అరటిపళ్లు కొంటారా?" అంది తెర.

"వద్దు తల్లీ, వరద!" మామ మళ్లీ నొక్కాడు.

"డజను చాలా?"

మామ గావుకేక పెట్టాడు. అది విని పీచయ్య దూసుకొచ్చి ముక్కుతో సైరన్ పొడిచాడు. కుందేళ్లు పిల్లల్ని నోట కరుచుకుని కొండెక్కాయి. ఆఖరి పిల్లకు తోక తడిసింది, అంతే. సింగారి ఎగిరి బయటపడింది గానీ గూడు వాగులో కొట్టుకుపోయింది.

మర్నాడు పీచయ్య తెర విప్పాడు. అలవాటైన బటన్లను ఉన్నచోటి నుంచి కదపలేదు. అరటిపళ్లను తీసిపారేశాడు. మామ అరచేతిని తెర మీద పెట్టించి, చుట్టూ గీత గీసి, సైరన్ బటన్‌ను అంత చేశాడు.

అటుగా వచ్చిన పట్నం కోతి నోరెళ్లబెట్టింది. "భలే ఉందే! మాకూ ఇస్తారా?"

"పట్టుకెళ్లు. తాళం లేదుగా!" అన్నాడు మామ దర్జాగా.

తర్వాత పీచయ్య గడ్డిపోచలతో సింగారి దగ్గరికి వెళ్లాడు. "అక్కా, నీ కొత్త గూడు కూడా కోతికి సరిపోయేలా కట్టనా?"

"వద్దురా బాబూ," అంది సింగారి తల దించుకుని. "ముందు నా కొలత తీసుకో."

నీతి: అలవాటైనదాన్ని అరువు తెచ్చుకోవచ్చు, కొలత మాత్రం వాడేవాళ్లదే తీసుకోవాలి.