భల్లయ్య చిగుళ్ల మీద పందెం

"అమ్మో, నా చిగుళ్లో! చచ్చానురో నాయనో!"

ఆ కేక వాగుగట్టు వీధి చివరిదాకా వినబడింది. అరిచింది ఎలుగుబంటి భల్లయ్య. పుట్టిన దగ్గర్నుంచీ తేనె తాగడమే గానీ నోరు పుక్కిలించిన పాపాన పోలేదు, ఇక చెప్పేదేముంది? పళ్లకి గార పట్టింది, చిగుళ్లు వాచి నెత్తురు కారుతోంది. ముందు పన్ను ఊగుతోంది కూడా. అది ఊడితే రేగుపండు సైతం కొరకలేడు పాపం.

వడ్రంగిపిట్ట ముక్కాలమ్మ వచ్చి నోట్లోకి తొంగిచూసింది. "గార చిగుళ్ల కిందిదాకా దిగింది భల్లయ్యా. ముక్కుతో తడుముకుంటూ మెల్లగా గీకాలి. కాస్త ఆలస్యమవుతుంది."

"ఈ కాలంలో ఇంకా గీకుడేమిటి పిన్నీ!" అంటూ నక్క కేతప్ప దిగబడ్డాడు, తుమ్మెదని వెంటేసుకుని. "మా ఝుమ్మన్న పంటికి ఆనుకుని రెక్కలు అదిరించాడంటే గార పెచ్చులు పెచ్చులుగా రాలాల్సిందే. పక్కన నీళ్లు పోస్తుంటే చాలు."

"ఎవరైనా సరే, ముందు నా పళ్లు నిలబెట్టండ్రా!" అని మూలిగాడు భల్లయ్య.

"అయితే పందెం!" అన్నాడు కేతప్ప. "నీ కుడిపక్క పిన్నిది, ఎడమపక్క మావాడిది. బాగా మానిన పక్కవాళ్లే ఇకపై ఈ అడవికి పళ్ల వైద్యులు. ఓడినవాళ్లు వాగు దాటి పోవాలి."

తుమ్మెద గెలిస్తే, వచ్చే ప్రతి రోగి ఇంట్లో తనకో పూట భోజనం దక్కాలని కేతప్ప ముందే మాట తీసుకున్నాడు లెండి.

తుమ్మెద పని పొద్దెక్కేలోపే అయిపోయింది. ముక్కాలమ్మ మాత్రం సందుసందూ తడిమి, సాయంత్రానికి గానీ లేవలేదు. పోతూ పోతూ ఇద్దరూ చెప్పింది మాత్రం ఒకటే: "రోజూ వేపపుల్లతో తోముకో. తేనె జోలికి పోకు."

చిత్రమేమిటంటే, రెండు పక్కలా చిగుళ్లు ఒకేలా మానసాగాయి. కేతప్ప గుండె జారింది. పందెం తేలకపోతే భోజనాల సంగతేంటి? అంచేత రోజూ మధ్యాహ్నం భల్లయ్య నోరు తెరిచి గుర్రుపెడుతుంటే, ఎదురుగా నిలబడి కుడిపక్క చిగుళ్లకి ఇంత తేనె పామి పోయేవాడు.

తీర్పు రోజున అందరూ చేరారు. "చూడండి, పిన్ని గీకిన కుడిపక్క ఎలా ఉందో!" అని అరిచాడు కేతప్ప.

భల్లయ్య నోరు తెరిచాడు. కుడిపక్క చిగుళ్లు చక్కగా ఉన్నాయి. ఎడమపక్క బూరెల్లా పొంగాయి.

ముక్కాలమ్మ ముక్కుతో గీకి రుచి చూసింది. "తేనె!"

"ఒట్టు, నేను ముట్టుకోలేదు!" అన్నాడు భల్లయ్య.

"అదెలా? నేను పూసింది కుడిపక్కేగా!" అనేశాడు కేతప్ప.

అందరూ గొల్లున నవ్వారు. "ఎదురుగా నిలబడితే నీ కుడి వాడి ఎడమ అవుతుందిరా మొద్దూ!" అంది ముక్కాలమ్మ. తుమ్మెద సిగ్గుతో ఆమె దగ్గరికొచ్చాడు. "అక్కా, గట్టిగార నేను రాలుస్తాను. లోతులో మిగిలింది నువ్వు తడిమి తియ్యి."

ఇద్దరూ కలిసి పనిలోకి దిగారు. కడవతో నీళ్లు మోసి పోసే పని కేతప్పకి పడింది. వాపు తగ్గింది, ముందు పన్ను ఊగడం ఆగింది. భల్లయ్య సంబరంగా రేగుపళ్లు, జొన్నకంకులు తెచ్చి పరిచాడు. అందరూ వరసగా కూర్చున్నారు. చేతులు కడుక్కున్నాకే కేతప్పకీ చోటిచ్చారు.

గార ఏ పనిముట్టుతో తీసినా సరే, ఆ తర్వాత రోజూ నోరు శుభ్రంగా ఉంచుకున్నవాడి పళ్లే నిలుస్తాయి.